పెయింట్ స్ప్రేయర్ మొరాయిస్తే – లోపం ఎక్కడుంది?



ఇంటి ప్రహరీ గోడకు విద్యుత్ స్ప్రేయర్‌తో ఎమల్షన్ రంగు వేస్తున్నారనుకోండి. సగం గోడ పూర్తయ్యాక రంగు రావడం ఆగిపోయింది. లేదా తుంపరగా రావలసింది ఉమ్మినట్టు చుక్కలు చుక్కలుగా పడుతోంది. పక్కనున్నవాళ్లు వెంటనే "మోటారు కాలిపోయింది" అనేస్తారు. ఆ మాట నమ్మే ముందు చెవి పెట్టి వినండి. మోటారు ఎప్పటిలాగే మోగుతుంటే లోపం సాధారణంగా మోటారులో ఉండదు. రంగు నడిచే దారిలో ఉంటుంది.

ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం. ఇళ్లలో వాడే టర్బైన్ రకం స్ప్రేయర్‌లో మోటారు ఒక పంకాను వేగంగా తిప్పి గాలిని నెడుతుంది. ఆ గాలిలో కొంత ఒక సన్నని గొట్టం గుండా రంగు కప్పులోకి వెళ్లి, రంగును పైనుంచి నొక్కుతుంది. ఆ పీడనానికి రంగు మరో గొట్టం ద్వారా నాజిల్‌కు చేరుతుంది. మిగిలిన గాలి అక్కడ రంగును చీల్చి సన్నని తుంపరగా మారుస్తుంది. అంటే మూడు విషయాలు సరిగ్గా ఉండాలి: కప్పులో పీడనం నిలవాలి, దారి తెరిచి ఉండాలి, రంగు తగినంత పలచగా ఉండాలి.

ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ప్లగ్ తీసి, కప్పులోని రంగును వేరే డబ్బాలో పోసి, కప్పు కడగండి. అందులో మంచినీళ్లు పోసి, మళ్లీ ప్లగ్ పెట్టి చల్లి చూడండి. నీళ్లు చక్కగా తుంపరగా వస్తే యంత్రం బాగానే ఉంది, రంగే చిక్కగా ఉంది. డబ్బా మీద సూచించిన మేరకు కొద్దికొద్దిగా నీళ్లు కలపండి. మీగడలా కట్టిన పొరలు పోయేలా నైలాన్ గుడ్డతో వడకట్టండి.

నీళ్లు కూడా రాకపోతే, సులువైన వాటితో మొదలుపెట్టి వరసగా వెతకండి. కప్పు గట్టిగా బిగిసిందా? దాని వాషర్ చిరిగిందా? అక్కడ గాలి పోతే రంగును నొక్కే బలమే ఉండదు. గాలి గొట్టంలోకి రంగు చేరి ఎండిపోయిందా? గాలి ఫిల్టర్ దుమ్ముతో నిండిందా? నాజిల్ వదులుగా ఉందా? చివరగా రంగు గొట్టం చూడండి.

ఈ గొట్టం దగ్గర కాస్త ఆగుదాం. సన్నని గొట్టంలో చిక్కని ద్రవం నిలకడగా ప్రవహించేటప్పుడు, సెకనుకు ప్రవహించే పరిమాణం వ్యాసార్థపు నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 5 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం లోపల రంగు ఎండి 4 మిల్లీమీటర్లకు తగ్గిందనుకోండి. తగ్గింది ఐదో వంతే. కానీ 0.8ని నాలుగుసార్లు వేసి గుణిస్తే సుమారు 0.41 వస్తుంది. ప్రవాహం సగానికన్నా తక్కువకు పడిపోయిందన్నమాట! కంటికి ఆనని పలుచని పొర పని ఆపేయగలదు.

అందుకే పని ముగిసిన వెంటనే కడగడమే అసలైన నిర్వహణ. ఆరిన ఎమల్షన్ నీటిలో కరగదు. ప్లగ్ తీశాక నాజిల్, సూది, కప్పు, గొట్టాలు విడదీసి నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. నాజిల్ రంధ్రాన్ని గుండుసూదితో పొడవవద్దు. గీత పడితే తుంపర ఎప్పటికీ వంకరగానే వస్తుంది. మోటారు భాగాన్ని నీటిలో ముంచవద్దు.

రెండు ప్రమాదాలు గుర్తుంచుకోండి. ఎనామెల్ రంగుల్లో కలిపే టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్దే నిప్పురవ్వకు అంటుకోగలదు. మన వేసవి అంతకన్నా వేడి. మోటారు లోపల నిప్పురవ్వలు పుట్టవచ్చు. కాబట్టి తయారీదారు అనుమతించని ద్రావణిని స్ప్రేయర్‌లో పోయవద్దు. తలుపులు మూసిన గదిలో చల్లవద్దు. ముక్కుకు తగిన మాస్కు, కళ్లద్దాలు మరవద్దు.

రెండోది, పెద్ద పనుల్లో వాడే ఎయిర్‌లెస్ యంత్రం. అందులో పీడనం సుమారు 200 వాతావరణ పీడనాల దాకా ఉంటుంది. దాని నాజిల్ ముందు వేలు పెడితే రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండకపోవచ్చు. అయినా ఆలస్యమైతే వేలు పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ రంగు లోపలికి వెళ్లిందో డాక్టరుకు చెప్పాలి. ఆ యంత్రాన్ని ఆపి, పీడనం పూర్తిగా వదిలించాకే విప్పాలి.

చివరగా మీకొక పని. ఒక ప్లాస్టిక్ గరాటులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఖాళీ కావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. తర్వాత అంతే ఎమల్షన్‌తో, నీళ్లు కలిపిన ఎమల్షన్‌తో చేసి చూడండి. స్నిగ్ధత అనే మాటకు అర్థం మీ గడియారమే చెబుతుంది. రంగుల పరిశ్రమలోనూ అడుగున రంధ్రమున్న కప్పుతో ఇలాగే కొలుస్తారు. సెలవు.