క్యాలెండర్లో ఏ తేదీ ఎక్కాలి?

(కొత్త సంవత్సరం క్యాలెండర్ తయారీ కోసం పల్లెల నించి వచ్చిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్లల్లో గోడకి వేలాడే క్యాలెండర్ ఎవరిచ్చింది? ఎరువుల కొట్టు షావుకారో, వడ్డీ వ్యాపారో ఇచ్చింది. అందులో రాహుకాలం ఉంటుంది, వర్జ్యం ఉంటుంది, ఏకాదశి ఉంటుంది. మన తాతలు చేసిన పోరాటం ఒక్కటీ ఉండదు. అందుకే నిరుడు మనమే ఒక క్యాలెండర్ వేసుకున్నాం. దాన్ని పల్లెకి పట్టుకుపోతే ఒక ముసలమ్మ నెలనెలా తిప్పించి చదివించుకుంది. "అన్నీ సావులేనా అయ్యా? మనోళ్లు ఎదురు తిరిగిన రోజు ఒక్కటీ లేదా?" అన్నది. మాకు నోట మాట రాలేదు. అంబేద్కర్ జయంతి, పూలే జయంతి తీసేస్తే నిజంగానే అది ఊచకోతల జాబితా. ఈసారి ఏ తేదీ ఎక్కాలో తేల్చుకోవటానికే ఇక్కడ కూర్చున్నాం.

జులై నెల చూడండి. జులై 17 మనందరికీ తెలుసు. 1985లో ఆ పొద్దున కారంచేడు మాదిగపల్లె మీద అగ్రకుల భూస్వాముల మూక పడి ఆరుగుర్ని చంపింది, ఆడవాళ్లని చెరిచింది. ఆ తేదీ ఉండాల్సిందే. మరి దానికి ముందురోజు సంగతేమిటి? జులై 16న, మనవాళ్లు తాగే చెరువు నీళ్లని పాడుచేస్తుంటే ఇదేమిటని అడిగినందుకు మన మనిషిని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త మీదకీ వస్తే ఆమె బిందె ఎత్తింది. ఒక మాదిగ ఆడమనిషి బిందె ఎత్తటాన్ని వాళ్లు ఓర్చుకోలేకపోయారు. జులై 17 వాళ్లు చేసిన పని, జులై 16 మనం చేసిన పని. ఇన్నేళ్లూ మనం వాళ్ల పనినే గుర్తుపెట్టుకుని మన పనిని వదిలేశాం. ఈసారి రెండూ వేద్దాం, సువార్త పేరుతో సహా.

ఇంకో తప్పు ఒప్పుకోవాలి. నిరుటి క్యాలెండర్లో మార్చి నెల మొత్తం ఖాళీ! 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో మహాడ్ వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగిన రోజు మనకి గుర్తు రాలేదు. ఎవరూ చావలేదు గనక మన కంటికి ఆనలేదేమో. కారంచేడు బిందె ఆ చెరువుకి దూరపు చుట్టమేం కాదు.

ఇక కోర్టు తీర్పుల సంగతి. 1991 ఆగస్టు 6 చుండూరులో ఎనిమిది మందిని చంపిన రోజు, దాంట్లో వాదన లేదు. ఒక తమ్ముడు 2007 జులై 31ని "చుండూరు విజయం" అని రాసుకొచ్చాడు. ఆ రోజు ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసిన మాట నిజం. కానీ 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్ష పడ్డవాళ్లందర్నీ వదిలేసింది. మొదటిది వేసి రెండోది దాస్తే మన పిల్లలకి మనమే అబద్ధం చెప్పినట్టు. రెండు తేదీలూ వేద్దాం, "విజయం" అన్న మాట కొట్టేద్దాం. ఆ తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

డిసెంబరు 25 గడి ఒకటే, సంగతులు మూడు. 1927లో ఆ రోజే మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. 1968లో ఆ రాత్రే తంజావూరు జిల్లా కీలవెణ్మణిలో, కూలి పెంచమన్న పాపానికి, గుడిసెలో తలదాచుకున్న 44 మందిని భూస్వాములు తగలబెట్టారు. మన పల్లెల్లో చాలా ఇళ్లల్లో అదే క్రిస్మస్. పండగనాడు చావు మాట వద్దని కొందరు పెద్దలన్నారు. గడిలో నక్షత్రం బొమ్మ వేద్దాం, దానికింద ఆ రెండూ చిన్న అక్షరాల్లో వేద్దాం. గుడికెళ్లొచ్చాక చదువుకుంటారు.

కుంఫిణీ సైన్యం చేసిన కోరేగాం యుద్ధం మనకెందుకని ఒకాయన అడిగారు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ ఆ స్తూపం దగ్గరికి ఎందుకెళ్లారో ఆలోచించమన్నాం.

అసలు గొడవ జులై 7 దగ్గర. 1994లో ఆ రోజు ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. అది పెడితే మాలపల్లెలో మన క్యాలెండర్ గోడ ఎక్కదని కొందరు, పెట్టకపోతే మాదిగపల్లెలో ఎక్కదని కొందరు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు కాదన్నది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి ఆరుగురి మెజారిటీతో సరేనన్నది. నచ్చిన తేదీలే వేస్తే షావుకారు క్యాలెండర్‌కీ మనదానికీ తేడా ఏముంది? జరిగింది జరిగినట్టు, ఊరు పేరు, సంవత్సరం వేద్దాం. పొగడొద్దు, తిట్టొద్దు.

తేదీ తెలియని వాటి మాట కూడా చెప్పాలి. మేం బడిలో అడ్మిషన్ రిజిస్టర్ రాసేవాళ్లం. పుట్టిన తేదీ తెలియదంటే జూన్ 1 అని వేసేయటం అలవాటు. మా పుట్టినరోజూ అదే! మా అమ్మ లెక్క వేరు. దివిసీమ ఉప్పెన వచ్చిన మూడో ఏడు, వరి కోతలప్పుడు అనేది. జూన్‌లో వరి కోతలెక్కడ? కలం పట్టుకున్న పంతులుగారు పెట్టిన తేదీయే జీతం పుస్తకం దాకా వచ్చింది, రిటైరయ్యేదీ దాని ప్రకారమే. మన పెద్దవాళ్లకి మనం ఆ పని చెయ్యొద్దు. తేదీ దొరకనివాళ్ల పేర్లు, వాళ్లు చేసిన పని నెల అడుగున వేద్దాం. గడిలోకి మాత్రం రుజువున్న తేదీయే ఎక్కాలి.

ప్రతి నెల కింద నాలుగు గీతలు ఖాళీగా వదులుతున్నాం. మీ పల్లెకి పట్టా వచ్చిన రోజో, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద తిరగబడిన రోజో మీరే రాసుకోండి. జులై కాగితం ఇంకా ప్రెస్సుకి పోలేదు. సువార్త సంగతి, ఈదుమూడి సంగతి ఇప్పుడే మాట్లాడండి. ముందు ఆడవాళ్లు మాట్లాడాలి.

జై భీమ్.