ఓడిన ఓటు, మిగిలిన ఎర్ర గుడ్డ
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఓటు హక్కు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించారు. ఓటు వేయండి అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. వేసిన ఓటు ఓడిపోయాక మనిషి ఏమైపోతాడో మాత్రం ఎవరూ చెప్పరు. మేము అది చెప్పదలిచాం. మా ఇంట్లో చెప్పుకునే ముచ్చటే, మా దాదాది, 1955 నాటిది.

మా దాదా బెజవాడ తారాపేటలో దర్జీ. చదువు ఉర్దూ ఒక్కటే. అయినా రోజూ 'విశాలాంధ్ర' పత్రిక కొనేవారు. తెలుగు వచ్చిన కుర్రాణ్ణి పిలిచి, టీ ఇప్పించి చదివించుకునేవారు. దున్నేవాడికి భూమి అన్న మాట ఆయన మనసుకు పట్టింది. "వాళ్లకు దేవుడు లేడు, వాళ్లతో నీకేం పని మియా" అని మనవాళ్లే అడిగితే, "నాకున్నాడు కదా, చాలు. వాళ్లకు బియ్యం ధర తెలుసు" అనేవారట.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. అంతకు ముందు, మద్రాసు రాష్ట్రంలో కలిసి ఉన్నప్పుడు, ఆంధ్ర జిల్లాల 140 సీట్లలో కమ్యూనిస్టులు 40 దరిదాపు గెలిచి ఉన్నారు. ఈసారి సర్కారే మాది అని మా దాదాకు ఎంత నమ్మకమంటే, ఎర్ర గుడ్డ తాను అరువు తెచ్చి రాత్రింబగళ్లు జెండాలు కుట్టారు. సగం జెండాలకు కూలి రాలేదు. ఆయన అడగనూ లేదు.

అవతలి పక్షం ఊరికే కూర్చుందా? కాంగ్రెసూ, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒకే ఫ్రంటుగా నిలిచాయి. భూములున్న పెద్దలంతా దాదాపు ఆ గొడుగు కిందికే చేరారు. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌గారు వచ్చి ప్రచారం నడిపించారు. ఆ జనవరిలోనే ఆవడి మహాసభలో కాంగ్రెసు "సోషలిస్టు తరహా సమాజం" అని తీర్మానించింది. అంటే మా దాదా నినాదం కూడా ఎదుటివాళ్లే పట్టుకుపోయారన్నమాట! పైగా మాస్కో 'ప్రావ్దా' పత్రిక నెహ్రూగారిని మెచ్చుకుంటే, ఆ మెప్పును కాంగ్రెసువారు ఊరూరా చాటుకున్నారు. నార్ల వెంకటేశ్వరరావుగారు 'ఆంధ్రప్రభ'లో కమ్యూనిస్టుల మీద నిప్పులు కురిపించారు.

ఫలితం వచ్చింది. 196 సీట్లలో ఫ్రంటుకు 146. కమ్యూనిస్టులకు 15. పదిహేనంటే పదిహేను!

మా దాదా మూడు రోజులు కొట్టు తీయలేదు. నాలుగో రోజు తీసి, "జనం అమ్ముడుపోయారు" అన్నారట. వచ్చినవాళ్లందరితోనూ అదే మాట. ఎదురుగా గాజుల కొట్టు చాచా కాడెద్దులకు ఓటు వేశానని దాచకుండా చెప్పుకున్నాడు. అంతే, ఇద్దరికీ మాటలు బంద్. రంజాన్‌కు కుట్టమని చాచా పంపిన గుడ్డను మా దాదా కత్తెర పెట్టకుండానే తిప్పి పంపేశారు. మిగిలిన ఎర్ర తాను మా దాదీ రజాయిలకు అస్తరు వేసింది. మా అబ్బాజాన్ ఆ రజాయి కిందే పెరిగారు.

మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెబుతాం. శాతాల పాఠం వచ్చినప్పుడు ఈ ఎన్నికను నల్లబల్ల మీద వేస్తాం. 1952లో ఆ జిల్లాల్లో కమ్యూనిస్టులకు పడినవి సుమారు 22 శాతం ఓట్లు. 1955లో 31 శాతం. ఓట్లు పెరిగాయి, సీట్లు మూడో వంతుకు పడిపోయాయి. 196లో 31 శాతమంటే 60 సీట్ల పైమాటే. వచ్చినవి 15. మొదటిసారి ఎదుటి ఓట్లు నలుగురైదుగురు పంచుకున్నారు, కాబట్టి తక్కువ ఓట్లతోనూ గెలిచారు. రెండోసారి అవన్నీ ఒకే చోట పడ్డాయి. ఒక పిల్లవాడు లేచి, "సార్, అయితే జనం వాళ్లను వద్దన్నారా, కావాలన్నారా?" అని అడిగాడు. మా దాదా ఆ ప్రశ్న వేసుకోలేదు. అమ్ముడుపోయారన్నారే గాని, తమవైపు కొత్తగా వచ్చినవాళ్లెందరో చూసుకోలేదు. కోపంలో ఉన్నవాడికి లెక్క కనపడదు కదా.

మమ్మల్ని మేము మినహాయించుకోవడం లేదు. ఈమధ్య ఎన్నికల్లో మా ఓటూ ఓడిపోయింది. మా స్టాఫ్ రూములో ఎదుటి పక్షానికి వేసిన తోటి మాస్టారితో కొన్నాళ్లు టీ తాగడం మానేశాం. ఆయన పిల్లలకు చదువు చెప్పడంలో మాకంటే ఏం తక్కువ? పాత రజాయి సంగతి గుర్తొచ్చి సిగ్గుపడ్డాం.

మా దాదాకు మళ్లీ అసెంబ్లీ ఓటు వేయడానికి ఏడేళ్లు పట్టింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1957లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణలోనే జరిగాయి. ఇటువైపు 1955లో గెలిచినవారే 1962 దాకా కొనసాగారు. ఏడేళ్లూ ఆ ఇద్దరూ ఎదురెదురుగా కొట్లు తీసి, మౌనంగా మూసుకున్నారు.

ఒకనాడు ఎవరి ద్వారానో చాచా మాట చెవిన పడింది. "జెండాలు వందలు కుట్టాడు. ఒక్కనాడైనా మా మెట్లెక్కి, భాయ్, నీకు భయమేమిటి అని అడిగాడా? నమాజు చేసుకోనివ్వరని ఎవరో చెప్పారు. కాదని చెప్పడానికి రోడ్డు దాటి రాలేకపోయాడే!"

1962 ఎన్నికలు రంజాన్ నెలలో వచ్చాయి. ఒక సాయంత్రం మా దాదా ఖర్జూరాల పొట్లం పట్టుకుని రోడ్డు దాటారు. ఇద్దరూ గాజుల పెట్టెల మధ్య కూర్చుని ఇఫ్తారు చేశారు. చాలాసేపు బియ్యం ధరల గురించే మాట్లాడుకున్నారట. ఆ ఎన్నికల్లో 300 సీట్లలో కమ్యూనిస్టులకు 51 వచ్చాయి. సర్కారు మళ్లీ కాంగ్రెసుదే.

చాచా ఎవరికి వేశాడో మా దాదా అడగలేదు. ఆ ఏడు చాచా ఇంటిల్లిపాదికీ పండగ బట్టలు మాత్రం ఆయనే కుట్టారు.