తుపాకి ట్రిగ్గర్ బిగుసుకుంటే

ఎన్నికలొస్తే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించడం మామూలే. అలా నెలల తరబడి వాడని తుపాకి ట్రిగ్గర్ బిగుసుకోవచ్చు. పాత నూనె ఎండి జిగురవుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది, తేమకు పిన్నులు తుప్పు పడతాయి.

ట్రిగ్గర్ బిగుసుకుంటే ముందు గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పండి. తూటాలు తీసేసి, లోపల ఏమీ మిగల్లేదని కళ్లారా చూసుకోండి. ట్రిగ్గర్‌ను బలవంతంగా నొక్కొద్దు. ఆకురాయి అసలే పెట్టొద్దు. తుపాకి లోపలి సుత్తిని (హ్యామర్‌ను) పట్టి ఉంచే అంచు కాస్త అరిగినా తుపాకి తనంతట తానే పేలే ప్రమాదముంది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు బాగుచేసేవారికీ లైసెన్సు ఉండాలి. అలాంటివారి దగ్గరికే తీసుకెళ్లండి. ఇంట్లో పిల్లలుంటారు, మరవకండి.