సాయమడుగుట సైనికునకు చిన్నతనము కాదు
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బెంగుళూరునందలి మద్రాసు ఇంజనీరు గ్రూపులోను, నీలగిరులలో వెల్లింగ్టను కేంద్రముగాగల మద్రాసు రెజిమెంటులోను మన తెలుగు బిడ్డలు తమిళ, కన్నడ, మలయాళ సోదరులతో కలసి తరతరములుగా కొలువు చేయుచున్నారు. కావున సైనికుని దేహమును గూర్చిన మాట మన ఇంటి మాటయే.

దేహదార్ఢ్యమునకై సైన్యము కల్పించు సదుపాయములు రెండు తెరగులు. మొదటిది విధిగా జరుగునది. ఉదయ వ్యాయామము, పరుగు పరీక్షలు, వైద్య పరీక్షలు ఈ కోవలోనివి. వైద్యులు మనస్సు, వినికిడి, కాలుసేతులు, దేహశక్తి, చూపు అను అయిదింటిని పరిశీలించి 1 మొదలు 5 వరకు శ్రేణి నిర్ణయింతురు. దీనినే 'షేప్' అందురు. రెండవది సైనికుడు తానై పోయి అడుగవలసినది. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ, ఆహారమును గూర్చిన సలహా, నిద్ర పట్టనపుడును మనస్సు కలత పడినపుడును ఆదరువు ఇట్టివి. మొదటిదానిని ఎవ్వరును తప్పించుకొనజాలరు. రెండవదానిని పలువురు వాయిదా వేయుదురు.

దీనికి కారణములు రెండు. తోటివారి ముందు చులకన యగుదుమను సిగ్గు ఒకటి. శ్రేణి దిగిన ప్రమోషను దూరమగునను భయము రెండవది. ఈ భయము నిరాధారమని మేము చెప్పము. కాని కాలి ఎముక నొప్పిని దాచి పరుగెత్తినవానికి ఆ ఎముక బీట వారవచ్చును. కొన్ని వారముల విశ్రాంతితో పోవలసినది నెలల తరబడి మంచమున పడవేయును. అపుడు శ్రేణియు దిగును, బాధయు మిగులును.

అమెరికా సైన్యము 2020లో వ్యాయామము, ఆహారము, నిద్ర, మనస్సు, ఆధ్యాత్మికము అను అయిదింటిని ఒక్క విధానముగా కూర్చినది. ఫిజియోథెరపిస్టులను, ఆహార నిపుణులను, శిక్షకులను దూరపు ఆసుపత్రిలో గాక దళముల చెంతనే నిలుపుట అందలి విశేషము. చేరువనున్నవాని కడకు కాలు సులువుగా సాగును గదా! అయినను ఎన్ని మారులు పోయిరను లెక్క ఒక్కటియే చాలదు. దెబ్బ ముదిరిన పిదప పది మారులు పోవుటకంటె ముదరకముందు ఒక్క మారు పోవుట మేలు.

మన దేశమునను ఇట్టి సేవలకు చిరకాల చరిత్ర కలదు. పూనాలో కృత్రిమావయవ కేంద్రము 1944లోను, ఖడ్కీలో పక్షవాత సైనికుల పునరావాస కేంద్రము 1974లోను వెలసినవి. 1965 యుద్ధమున తూటాలకు గాయపడిన మురళీకాంత్ పేట్కర్, చికిత్సలో భాగముగా ఈత పట్టి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకము గెలిచెను. సాయము పొందినవాడు తక్కువవాడగునా?

విశ్రాంత సైనికులకు 2003లో ఆరంభమైన ఆరోగ్య పథకమున పాలీక్లినిక్కులు కలవు. రోగము ముదిరిన దినమునకే వానిని విడిచిపెట్టరాదు.

తల్లులారా, తండ్రులారా! సెలవుపై వచ్చిన బిడ్డ కుంటుచు నడచిన, రాత్రులు నిద్ర లేక తిరుగుచున్న, 'ఓర్చుకొనుము నాయనా' అనకుడు. 'వైద్యునకు చూపితివా?' అని అడుగుడు. ఇంటి మాటకు గల బలము ఏ ఉత్తర్వునకును లేదు.