అబార్షన్ తర్వాత కడుపునొప్పి: ఏది ఓర్చుకోవచ్చు, దేనికి ఆసుపత్రికి వెళ్లాలి

ఈరోజు టాపిక్ మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునేది. అబార్షన్ అయ్యాక ఒంట్లో ఏం జరుగుతుంది, పొత్తికడుపు అంతలా ఎందుకు నొప్పి పెడుతుంది, ఎప్పుడు భయపడాలి. ముందే చెప్తున్నా, నేను బీటెక్ చదివి కోడ్ రాసుకున్న మనిషిని, డాక్టర్‌ని కాదు. డాక్టర్లు చెప్పేదాన్ని మన మాటల్లో పెడుతున్నా, అంతే.

అబిడ్స్, నాంపల్లి వైపు హాస్టళ్లలో, పీజీల్లో ఉండేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా వినండి. నలుగురికి ఒక రూమ్, ఒకటే బాత్రూమ్. నొప్పి వస్తే "పీరియడ్స్‌లే" అని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అబార్షన్లలో 27 శాతం ఇంట్లో, ఆడవాళ్లు తమంతట తామే చేసుకున్నవి. పక్కన డాక్టర్ లేరు, నర్సు లేరు. ఈ నొప్పి మామూలేనా కాదా అని అడగడానికి మనిషి లేరు.

సరే, అసలు విషయం. గర్భసంచి అంటే ఒక కండరం. లోపల ఉన్నది బయటికి తోయడానికి అది పిండినట్టు బిగుసుకుంటుంది. మామూలుగా మొదట మిఫెప్రిస్టోన్ ఇస్తారు, ఒకటి రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్. ఆ రెండోది వేసుకున్న కొన్ని గంటల్లోనే అసలు నొప్పి. పీరియడ్స్ కంటే ఎక్కువే ఉంటుంది, గడ్డలు పడతాయి. ఆ రోజు చలి, వణుకు, కాస్త జ్వరం, విరేచనాలు కూడా మామూలే. పడాల్సింది పడిపోయాక నొప్పి దిగాలి. "దిగాలి" అన్న మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత వారం, రెండు వారాలు అప్పుడప్పుడు మెలిపెట్టినట్టు వచ్చి పోతుంది, గర్భసంచి మళ్లీ చిన్నదవుతోందన్నమాట. మరకలు కొందరికి నెల దాకా కనిపిస్తాయి. వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకోవచ్చు. అల్సర్ లాంటివి లేకపోతే తిన్న తర్వాత ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చు, డోసు డాక్టర్‌ని అడిగి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్తా: రోజురోజుకీ తగ్గే నొప్పి వార్నింగ్, పెరిగే నొప్పి ఎర్రర్. మాత్రలకి లొంగకుండా పెరుగుతుంటే ఆగొద్దు. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతూ, అలా వరుసగా రెండు గంటలైతే తెల్లారేదాకా చూడొద్దు. మాత్ర వేసుకుని 24 గంటలు దాటాక కూడా 100.4 జ్వరం ఉన్నా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. ఇక ఒకవైపే పోటు, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. లోపల కారిన రక్తం పైకి చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది, అందుకే చాలామందికి అనుమానమే రాదు. ముందు డాక్టర్‌కి చూపించుకోకుండా మెడికల్ షాపులో కిట్ కొనుక్కోవద్దు అనేది ఇందుకే. నీతులు చెప్పడానికి కాదు.

కొన్నిసార్లు కడుపునొప్పికి గర్భసంచితో సంబంధమే ఉండదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టగానే మలబద్ధకం, గ్యాస్, నల్లగా విరేచనం. కంగారు పడకండి, నీళ్లు బాగా తాగండి. ఇక్కడ ఒక హైదరాబాద్ సమస్య ఉంది, ఇరానీ చాయ్. టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మాత్రకి, చాయ్‌కి మధ్య గంటైనా గ్యాప్ ఇవ్వండి. నిమ్మకాయ, జామకాయ మంచివి. బాలింత పథ్యంలాగా కారప్పొడి అన్నమే తినాలని ఎక్కడా లేదు. గుడ్డు, పప్పు, ఆకుకూర అన్నీ తినండి. రక్తం పోయిన ఒంటికి పథ్యం కాదు, తిండి కావాలి.

ఇంకోటి, ప్రెగ్నెన్సీ టెస్ట్ మూడు నాలుగు వారాల దాకా పాజిటివ్ చూపించొచ్చు. అది చూసి మళ్లీ కిట్ వేసుకోవద్దు, చెకప్‌కి వెళ్లండి. స్కాన్‌లో కొంచెం రక్తం కనిపించినంత మాత్రాన ప్రతిసారీ క్లీనింగ్ అక్కర్లేదు, ఎందుకు చేయాలో డాక్టర్‌ని అడగండి. అలాగే ఎనిమిది పది రోజుల్లోనే మళ్లీ అండం విడుదల కావచ్చు, అంటే తర్వాతి పీరియడ్ రాకముందే మళ్లీ గర్భం రావచ్చు.

మరి ఎక్కడికి వెళ్లాలి? అబిడ్స్‌కి దగ్గర్లో, కోఠి సుల్తాన్‌బజార్‌లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. నాంపల్లి వైపైతే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్. పిల్లల ఆసుపత్రి అని పేరు పడిపోయింది కానీ అక్కడ ఆడవాళ్ల విభాగం కూడా ఉంది. నిలోఫర్ రాకుమారి పరిచారిక ప్రసవంలో చనిపోతే, ఇంకొకరికి అలా కాకూడదని ఆమె పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి అది, 1953 నాటిది.

"పెళ్లి కాలేదు కదా, ఏమడుగుతారో" అని ఆగిపోతారు చాలామంది. ఎంటీపీ చట్టంలో 18 దాటిన అమ్మాయి సంతకం ఒక్కటే చాలు. భర్తదీ నాన్నదీ అక్కర్లేదు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకి కూడా 24 వారాల నిబంధన వర్తిస్తుందని చెప్పింది. ఆ చట్టం కింద అబార్షన్ చేయించుకున్నవాళ్ల పేరు డాక్టర్ బయటపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. 18 లోపు వాళ్లకైతే గార్డియన్ సంతకం కావాలి, పోలీసులకి సమాచారం వెళ్తుంది. అయినా అమ్మాయి, గార్డియన్ అడిగితే ఆ రిపోర్టులో పేరు చెప్పక్కర్లేదని అదే తీర్పులో ఉంది.

ఓపీలో కూర్చున్నాక అబద్ధం చెప్పకండి. ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. ఖాళీ స్ట్రిప్ పారేయకుండా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, బ్లడ్ గ్రూప్ కూడా రాసి పెట్టుకోండి. రూమ్‌మేట్ ఒక్కరికైనా విషయం చెప్పి ఉంచండి, రాత్రి రెండింటికి ఆటో ఎక్కించడానికి ఒక మనిషి కావాలి కదా.

వచ్చే ఎపిసోడ్‌లో కాపర్ టీ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.