గడప దాటవలసిన వేళ

పిల్లల వద్దకు పట్నం తరలిపోతూ, బ్రతికిన ఇంటిని విడువలేక కుమిలిపోయే పెద్దలు “ఇది మోహమా?” అని నన్ను అడుగుతుంటారు. కాదంటాను. నీడనిచ్చిన ఇంటిపై ప్రేమ కృతజ్ఞతయే.

1955లో నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగిన పిమ్మట కృష్ణాలోయలో పల్లెలు ఖాళీ అయినవి. నాగార్జునకొండ లోయలోని కొన్ని ప్రాచీన కట్టడాలను విప్పి, కొండపైనా అనుపులోనూ మరల నిలిపినారు. పల్లెవాసుల ఇండ్లకు ఆ భాగ్యం లేదు. వారి గడపలను ముంచిన నీరే జవహర్ కాలువగా మన మిరప, పత్తి చేలను తడుపుతున్నది. ఆ ఋణం మరువరాదు.

మీ ఇల్లు నీట మునుగుట లేదు; మరొకరికి నీడ కానున్నది. కనుక బయలుదేరు నాడు ఇల్లు ఊడ్చి, గడపకు పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెలిగించి నమస్కరించండి. కన్నీరు వచ్చినా తప్పులేదు. దేవుని పటం చేతబట్టి కదలండి. దానిని నిలిపి పాలు పొంగించిన చోటే మీ ఇల్లు.