కావలివాడు మేలుకొని ఉన్నాడా?



అమెరికాలో కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఛానెల్ దీవులు ఉన్నాయి. అక్కడి చల్లని సముద్రం అడుగున నాచు ఎత్తైన అడవిలా పెరుగుతుంది. దాన్ని చూడాలని డైవర్లు వీపున గాలి సిలిండర్లు కట్టుకొని దిగుతారు. రాత్రులు పడవలోనే పడుకుంటారు. 2019 ఆగస్టు 31న 'కన్సెప్షన్' అనే పడవ అలాంటి 3 రోజుల యాత్రకు బయలుదేరింది.

డైవర్ల జాగ్రత్త గమనించండి. జత లేకుండా దిగరు. గాలి ఎంత మిగిలిందో మాటిమాటికీ చూసుకుంటారు. తొందరపడి పైకి రారు. అయితే ఆ యాత్రలో అపాయము నీటిలోనుండి రాలేదు. సెప్టెంబరు 2 తెల్లవారుజామున, సాంటా క్రూజ్ దీవి దగ్గర లంగరు వేసిన పడవలో మంటలు లేచాయి. క్రింది అంతస్తులో నిద్రిస్తున్న 34 మంది మరణించారు. రాత్రంతా తిరుగుతూ కాపలా కాయవలసిన మనిషిని పెట్టలేదని విచారణలో తేలింది. 2024లో కెప్టెన్‌కు 4 సంవత్సరాల జైలుశిక్ష పడింది.

ప్రియులారా, నిద్రించినవారిది తప్పు కాదు. ఎవరో మేలుకొని ఉన్నారని నమ్మి పడుకున్నారు. మీ ఇంట్లో మీ పిల్లలూ అలాగే నమ్మి పడుకుంటారు.

యెహెజ్కేలు గ్రంథము 33వ అధ్యాయములో దేవుడు కావలివానిని లెక్క అడుగుతున్నాడు. తండ్రీ, తల్లీ, సంఘపెద్దా, ఆ కావలివాడవు నీవే. ఆదివారం ఆరాధనకు శ్రద్ధగా వచ్చి, ఇంట్లో రగులుతున్న త్రాగుడును, అప్పును, కుమారుని మౌనమును చూడక నిద్రపోతున్నావా? ఈ రాత్రే లేచి వారి ప్రక్కన కూర్చో. మాట్లాడు. వారి కొరకు ప్రార్థించు.

దేవుడు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.